ఆ సీ హారియర్ ఏ రోజుది?

సీ హారియర్ అంటే ఓడ మీంచి ఎగిరే, నిలువుగా దిగగలిగే బ్రిటిష్ యుద్ధవిమానం. దాని డైకాస్ట్ (పోతపోసిన లోహపు) మోడల్ ఎవరు అమ్మకానికి పెట్టినా పోస్టు కింద మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, కిల్ మార్కులున్న పీసేనా?" కాక్‌పిట్ కింద కూల్చిన విమానాల బొమ్మలుంటే ఒక ధర, లేకపోతే ఇంకో ధర. ఈ పద్ధతి మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. ఇవాళ మొత్తం రాసేస్తున్నా. పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్లే చదవండి.

ముందు మనవాళ్లు పదేపదే చెప్పుకునే ఒక కథ సంగతి తేల్చాలి. 1982లో దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్స్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా చేసిన యుద్ధంలో హారియర్ గాల్లో ఉన్నట్టుండి ఆగిపోయిందని, వెనక తరుముతున్న అర్జెంటీనా ఫైటర్ మిరాజ్ ముందుకు దూసుకుపోగానే కొట్టేసిందని. వినడానికి బాగానే ఉంటుంది, కానీ అక్కడ అలా జరగలేదు. ఎగురుతూనే నాజిళ్లు (ఇంజన్ గాలిని బయటికి చిమ్మే గొట్టాలు) తిప్పి వేగం తగ్గించే విద్య హారియర్‌కి ఉన్న మాట నిజం, దాన్ని విఫింగ్ అంటారు, అమెరికా మెరైన్లు బాగా సాధన చేశారు కూడా. 1982 యుద్ధంలో గాల్లో జరిగిన పోరాటాల్లో మాత్రం దాన్ని వాడలేదు. అక్కడ పని చేసినవి ఏఐఎం-9ఎల్ సైడ్‌వైండర్ క్షిపణి, బ్రిటిష్ పైలట్ల శిక్షణ, అన్నిటికంటే ముఖ్యంగా దూరం. అర్జెంటీనా మిరాజ్‌లకూ డాగర్ ఫైటర్లకూ గాల్లో ఇంధనం నింపుకునే ఏర్పాటు లేదు. సొంత గడ్డ మీంచి దీవుల దాకా వచ్చేసరికే తిరిగెళ్లడానికి సరిపడా మాత్రమే మిగిలేది. వేగం కోసం ఇంధనం అదనంగా మండించే ఆఫ్టర్‌బర్నర్ వేస్తే ఇల్లు చేరరు. ధ్వని కంటే రెండింతల వేగం ఉన్న విమానంలో కూర్చుని ఆ వేగాన్ని ముట్టుకోలేని స్థితి వాళ్లది. ఇటు బ్రిటన్ నౌకలు ఎక్సోసెట్ క్షిపణి భయంతో తూర్పున దూరంగా ఉండాల్సి రావడంతో, బ్రిటిష్ సేనలు ఒడ్డుకు దిగిన సాన్ కార్లోస్ మీద కాపలా కాసే సీ హారియర్లకీ దక్కే సమయం నిమిషాల్లోనే. రెండు వైపులా ఇంధనం ముల్లు చూసుకుంటూ చేసిన యుద్ధం అది.

అయితే నాజిళ్లకు గొప్ప లేదా అంటే, ఉంది. అది వేరే చోట ఉంది. పెగాసస్ ఇంజన్ నాలుగు నాజిళ్లూ కిందికి తిప్పి దక్షిణ అట్లాంటిక్ అలల మీద ఊగుతున్న డెక్కు పైన నిలబడి మెల్లగా దిగడం, అది అసలు విద్య. నిండా ఆయుధాలతో నిలువుగా పైకి లేవడం దానికీ చేతకాదు. అందుకే డగ్ టేలర్ అనే నౌకాదళ అధికారి డెక్కు చివర పైకి వంపు పెట్టే స్కీ జంప్ ఆలోచన చేశాడు. బ్రిటన్ పంపిన రెండు విమానవాహక నౌకల్లో హెర్మీస్ మీద ఆ వంపు 12 డిగ్రీలు, ఇన్విన్సిబుల్ మీద 7. అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకుల ఓడ మీద కూడా హారియర్లను నిలువుగా దింపి యుద్ధానికి తీసుకెళ్లారు. మే 25న ఎక్సోసెట్ తగిలి ఆ ఓడ కాలిపోయింది, 12 మంది చనిపోయారు. మూడు చినూక్ హెలికాప్టర్లు దాంతోపాటే పోయాయి. హారియర్లు కొద్దిరోజుల ముందే దిగి వెళ్లిపోబట్టి మిగిలాయి.

ఇక రంగు. నేను ఎక్కువ గొడవపడేది దీని గురించే. ఇంగ్లండ్‌లో బయల్దేరినప్పుడు సీ హారియర్ పైన ముదురు బూడిద, కింద తెలుపు. ఆకాశంలో ఆ తెలుపు మెరుస్తుందని, దక్షిణానికి వెళ్లే దారిలోనే ఓడలో రంగు మార్చేశారు. హెర్మీస్ మీద సిబ్బంది కుంచెలు పట్టుకుని చేత్తో పూశారు. రెక్కల మీద ఉండే గుండ్రటి గుర్తులో తెలుపు భాగాన్ని కూడా కప్పేశారు. తర్వాత వచ్చిన 809 స్క్వాడ్రన్ విమానాలది ఇంకా లేత బూడిద. ఇంత తేడా ఉంది కాబట్టే, తెల్ల పొట్ట ఉన్న మోడల్‌కి "ఫాక్‌లాండ్స్ వెటరన్" అని పేరు పెట్టి అమ్మితే నాకు ఒళ్లు మండుతుంది. 1:72 స్కేల్లో ఇరవై సెంటీమీటర్ల పొడవుండే లోహపు ముక్క అది. దాని మీద కంపెనీ చెప్పగలిగిన చరిత్రంతా రంగులోనూ అంకెలోనూ ఉంది. అదే తప్పైతే ఇంకేం మిగిలింది?

కిల్ మార్కుల దగ్గరికి వస్తా. జూన్ 8న బ్రిటన్ వాళ్ల సర్ గలహాడ్ ఓడ మీద బాంబులు పడి 48 మంది చనిపోయారు. అదే సాయంత్రం చీకటి పడుతుండగా అర్జెంటీనా స్కైహాక్‌లు మళ్లీ వచ్చి ఒక చిన్న ల్యాండింగ్ పడవను కొట్టాయి, అందులో ఆరుగురు పోయారు. పైనుంచి అది చూసిన సీ హారియర్ పైలట్ డేవిడ్ మోర్గాన్ రెండు స్కైహాక్‌లను, తోడుగా ఉన్న డేవిడ్ స్మిత్ మూడోదాన్ని కూల్చారు. బోల్సాన్, అర్రారాస్, వాస్కెస్, ఆ ముగ్గురు పైలట్లూ బతకలేదు. నాలుగో విమానం నడిపిన ఎక్టర్ సాంచెస్ తప్పించుకున్నాడు. ఏళ్ల తర్వాత మోర్గాన్, సాంచెస్ కలుసుకుని స్నేహితులయ్యారు. మార్కులున్న మోడల్ కొనవద్దని నేననను. ఒక్కో మార్కు వెనక ఒక సాయంత్రం, ఒక పేరు ఉన్నాయని తెలిసి కొనండి అంటున్నా. యుద్ధం మొత్తంలో సీ హారియర్లు 20 దాకా విమానాలను కూల్చాయి, గాలి పోరాటంలో ఒక్కటీ పోలేదు. ఈ లెక్క పెట్టె మీద తప్పకుండా ఉంటుంది. ఆరు సీ హారియర్లు వేరే విధాలుగా పోయాయి, నలుగురు పైలట్లు చనిపోయారు. అది ఉండదు. మే 6న మబ్బులో ఐటన్-జోన్స్, కర్టిస్ నడుపుతున్న రెండు విమానాలు కనిపించకుండా పోయాయి. గోర్డన్ బాట్ రాత్రివేళ హెర్మీస్ మీంచి లేచిన కాసేపటికే సముద్రంలో కూలిపోయాడు. శత్రువు కాల్చకపోయినా అవి యుద్ధంలో పోయిన ప్రాణాలే.

ఇదంతా ఎక్కడో బ్రిటన్ వాళ్ల గొడవ అని కొందరు మనవాళ్లు కామెంట్ పెడుతుంటారు. ఆ హెర్మీసే 1987లో ఐఎన్ఎస్ విరాట్‌గా మన నౌకాదళంలో చేరింది. మన సీ హారియర్లు అంతకుముందే, 1983 డిసెంబర్‌లో గోవాకి వచ్చాయి. 1971లో విక్రాంత్ మీంచి సీ హాక్‌లు నడిపిన వైట్ టైగర్స్ స్క్వాడ్రనే వీటినీ 2016 దాకా నడిపింది. మన దగ్గర కూడా చాలా విమానాలు ప్రమాదాల్లో పోయాయి, పైలట్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ల గురించి తెలుగులో ఒక పేజీ రాసినవాళ్లు నాకు కనబడలేదు. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకి విరాట్ విశాఖ తీరానికి వచ్చింది. 2020లో గుజరాత్‌లో ఓడలు విరగ్గొట్టే అలంగ్‌కి తుక్కుగా వెళ్లిపోయింది. మ్యూజియంగా ఉంచాలని ఎంతమంది అడిగినా ఉంచలేకపోయాం. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అది. విశాఖ బీచ్ రోడ్డులో మాత్రం ఒక సీ హారియర్ ఉంది. కురుసుర జలాంతర్గామి, టీయూ-142 విమానం చూసి వెనక్కి తిరిగేవాళ్లు దాని దగ్గరికీ వెళ్లండి. నాజిళ్లు చూడండి, రెక్కల కొసల దగ్గర వేలాడే సన్నటి చక్రాలు చూడండి, ఆ తర్వాత మీ అల్మరాలో మోడల్‌ని దాంతో పోల్చండి.

అమ్మేవాళ్లకు నా విన్నపం: సీరియల్ నంబర్, స్క్వాడ్రన్, ఓడ, తేదీ, ఈ నాలుగూ పోస్టులో రాయండి. కొనేవాళ్లూ మార్కుల కంటే ముందు ఇవి అడగండి. నా వరకు నేను ఎదురుచూసేది ఎక్స్‌జెడ్ 450 కోసం. 1978 ఆగస్టు 20న ఎగిరిన మొట్టమొదటి సీ హారియర్ అదే. 1982 మే 4న ఫాక్‌లాండ్స్‌లోని గూస్ గ్రీన్ మీద విమాన విధ్వంసక తుపాకులకు కూలింది. దాన్ని నడిపిన నిక్ టేలర్‌ని అర్జెంటీనా సైనికులు సైనిక మర్యాదలతో అక్కడే పాతిపెట్టారు. కూల్చిన లెక్క దాని పేర ఒక్కటీ లేదు. కుంచెతో పూసిన ఆ ముదురు బూడిద రంగులో, ఆ రోజు ఎలా ఉందో అలాగే ఏ కంపెనీ తెచ్చినా డిస్కౌంట్ అడక్కుండా పూర్తి ధరకి కొంటాను.