దంపతీ సమేత ద్రాక్షాయాత్ర: విధులు, నిషేధాలు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు తెలుగు దంపతులకు ఈమధ్య వైన్ యాత్ర మీద ధర్మసందేహాలు ఎక్కువయ్యాయి. ఇందులో సందేహానికి చోటే లేదు. ఊరి చివర ఈతవనంలో ముంత ఎత్తితే తాగుడు. నాసిక్ దాకా నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు పోయి, టికెట్టు కొని, గాజు గ్లాసును కాడ పట్టుకుని ఎత్తితే పర్యటన. 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మకానికి మహారాష్ట్ర మంత్రివర్గం సరేనన్నప్పుడు, వైన్ అసలు మద్యమే కాదని వాదించిన పెద్దలున్నారు. అన్నా హజారే నిరాహార దీక్ష చేస్తానన్నారు, అది వేరే సంగతి. అత్తగారి ముందు పెట్టడానికి మనకా వాదన చాలు.

ఇంట్లో మాత్రం త్ర్యంబకేశ్వరం అని చెప్పాలి. అబద్ధమేమీ కాదు. గోదావరి పుట్టిన కొండ, గంగాపూర్ డ్యామ్ పక్క ద్రాక్షతోటలు రెండూ నాసిక్ జిల్లావే. పొద్దున అభిషేకం, సాయంత్రం ఆస్వాదన.

శ్రావణంలో మాత్రం పోవద్దు. గుళ్ళో కాలు పెట్టే చోటుండదు, తోటలో ఆకులు తప్ప ఏమీ కనబడవు. చలిదేశాల తీగలా ఇక్కడి ద్రాక్ష శీతాకాలం నిద్రపోదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు. ఏప్రిల్‌లో ఖరడ్ ఛాటణీ, కొత్త కొమ్మ కోసం. వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండోది, కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి దాకా. అప్పుడు వెళ్ళినా ఫొటో తీసుకోండి గానీ గుత్తి తెంపకండి. వైన్ ద్రాక్ష చిన్నది, తోలు మందం, నోటినిండా గింజలు.

దేవగిరి ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రి దాటాక నాసిక్ రోడ్‌లో దింపుతుంది. తెల్లారగానే మిసళ్ పావ్ మీద పడతారు. మంచిదే, కానీ దాని మీద తేలే ఎర్రటి కారపు రసం తర్రికీ తొలి గ్లాసుకూ మధ్య మూడు గంటలైనా ఉండాలి. వైన్‌లోని ఆల్కహాలు కారాన్ని ఆర్పదు, రాజేస్తుంది. షిరాజ్ లాంటి ఎర్ర వైన్‌లో వగరు కూడా ఉంటుంది గనక కారం మీద పడితే నోరు చేదెక్కుతుంది. ధర్మాబాద్ మిర్చి యార్డు గాలి పీల్చి పెరిగిన నాలుకకు కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్, అదీ 8–10 డిగ్రీల చల్లదనంలో, సరిపోతుంది. షిరాజ్ మీద మనసుపడితే దారిలో ఔరంగాబాద్‌లో (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్) దిగి నాన్ ఖలియా తినండి. ఆ మాంసానికి ఆ వగరు కుదురుతుంది.

ఇక అసలు క్రతువు, వైన్ రుచి చూడడం. ఆమె జడలో మల్లెదండ, ఆయన చొక్కాకు అత్తరు, జేబులో జర్దా పాన్ మూడూ బయటే వదలాలి, లేకపోతే ప్రతి గ్లాసూ పెళ్ళిపందిరి వాసనే కొడుతుంది. ముందు తెలుపు, తర్వాత ఎరుపు, తీపిది చివర. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ దగ్గర గైడు కళ్ళు మూసుకుని, ఇందులో క్యాప్సికమ్ వాసన పట్టుకోండి అంటాడు. ధర్మాబాద్ వాళ్ళు మిరపజాతి వాసన కోసం టికెట్టు కొన్నారని అతనికి తెలియదు పాపం.

ఒక్కో గ్లాసులో 50 మిల్లీలీటర్లు పోస్తే ఆరింటికి 300. పదమూడు శాతం లెక్కన అది మూడు చిన్న పెగ్గుల విస్కీతో సమానం. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపకూడదన్నది చట్టం. కాబట్టి పుక్కిలించి ఉమ్మేయాలి, అందుకే పక్కన పాత్ర పెడతారు. గోడ కనబడితే చాలు గుట్కా ఉమ్మే జాతి, ఉమ్మడానికే పాత్ర పెట్టిన చోట మాత్రం మొహమాటపడి మింగేస్తుంది.

ఇన్ని పట్టింపులు ఈతచెట్టుకు పెడితే? కల్లు గీసే గౌడన్న మోకు, ముత్తాదు తాళ్ళు వేసుకుని పైకెక్కేసరికే లొట్టిలో (కల్లుకుండలో) పులియడం మొదలై ఉంటుంది. లొట్టి లోపల సున్నం రాస్తే ఆగి నీరాగా దిగుతుంది, రాయకపోతే పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. వైన్‌కు చూసినట్టు దీనికి సంవత్సరం చూడరు, గంట చూస్తారు. ఏ చెట్టుదని అడుగుతారు. అదే ప్రశ్న నాసిక్‌లో వేస్తే నేల గుణం మీద అరగంట ఉపన్యాసం వస్తుంది. అయితే కల్లుకు చెడ్డపేరు ఊరికే రాలేదు. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపిన కల్తీ సరుకుకు అలవాటుపడ్డవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు వస్తాయి. చెట్టు కింద, కళ్ళముందు దించిందే కల్లు. మిగతాది నీళ్ళలో కలిపిన మందుబిళ్ళ.

సీసాలు కొన్నవాళ్ళు కారు డిక్కీలో పడేయవద్దు. మార్చి చివరి మరాఠ్వాడా ఎండలో వైన్ ఉడికి, బిరడా పైకి తన్నుకొచ్చి, మెడంతా జిగటగా కారుతుంది. థర్మకోల్ పెట్టెలో, ఏసీ తగిలేలా సీట్ల దగ్గర పెట్టాలి. ఇంట్లో బిరడా సీసాను పడుకోబెట్టాలి, మరమూత సీసా నిలబడ్డా ఫర్వాలేదు. మూత తీశాక ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, అంతే. మిగిలిన ఎర్రదాన్ని పారబోయకండి. మటన్ కూరలో ఉల్లిపాయ వేగాక ఒక చిన్న గ్లాసు పోసి, వాసన పోయేదాకా మరిగించండి. అత్తగారు రెండోసారి వడ్డించమంటే వడ్డించండి, వివరణ అడిగితేనే ఇవ్వండి.