ప్రకృతి వరణం ఎవరిని కాపాడుతుంది?

భూమి వేడెక్కుతోందనో, అడవులు తరిగిపోతున్నాయనో చర్చ వచ్చినప్పుడల్లా ఒక ఊరట మాట వినిపిస్తుంది: జీవులు కోట్ల ఏళ్లుగా ఎన్నో ఉత్పాతాలను తట్టుకున్నాయి, ఇప్పుడూ ఎలాగోలా సర్దుకుంటాయి అని. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే దానితో చిక్కు. జీవజాతులు మారతాయన్నది వాస్తవం. ఆ మార్పు ఎన్ని ప్రాణాల ఖర్చుతో జరుగుతుంది, అందుకు ముందుగా ఏమేమి సమకూరి ఉండాలి, ఎంత వ్యవధి కావాలి అన్న లెక్కలను మాత్రం ఆ ఊరట దాటవేస్తుంది.

1858లో చార్లెస్ డార్విన్, ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌ల పేరిట లండన్‌లోని లినియన్ సొసైటీ అనే శాస్త్ర సంఘం ముందుకు వచ్చిన ప్రకృతి వరణం అనే ఆలోచన నిజానికి చాలా సరళమైనది. ఒక జాతిలోని జీవులన్నీ ఒకేలా ఉండవు. వాటి మధ్య తేడాల్లో కొన్ని పిల్లలకు సంక్రమిస్తాయి. ఆ తేడాల కారణంగా కొన్నింటి సంతానం ఎక్కువగా మిగులుతుంది. ఈ మూడూ కలిసిన చోట తరాలు గడిచేకొద్దీ జాతి స్వరూపం మారుతుంది. అయితే ఇందులో ఏ ఒక్క జీవీ తనంతట తాను మారదు. ఎండకు చర్మం నల్లబడటం, ఎత్తైన పర్వతం మీద కొన్ని వారాలకు ఊపిరి కుదుటపడటం ఒక జీవితకాలంలో శరీరం చేసుకునే సర్దుబాట్లు మాత్రమే. వీటినీ, పరిస్థితులకు తగ్గట్టు జాతే మారే తరతరాల అనుకూలనాన్నీ కలగాపులగం చేయడం వల్లే పైన చెప్పిన ఊరట పుడుతోందని నా అభిప్రాయం.

అసలు ప్రక్రియను దగ్గరుండి కొలిచినవారు ఉన్నారు. పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ ద్వీప సమూహంలో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో జీవశాస్త్రవేత్తలైన పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఫించ్ పక్షులను పట్టి, కాళ్లకు గుర్తు రింగులు తొడిగి, ముక్కుల పొడవూ మందమూ కొలిచి వదిలిపెట్టారు. 1977లో అక్కడ వానలు ముఖం చాటేశాయి. చిన్న, మెత్తని గింజలు త్వరలోనే అయిపోయాయి. మిగిలినవల్లా పెద్ద, గట్టి గింజలు, ముఖ్యంగా పల్లేరుకు దగ్గరి బంధువైన ఒక మొక్క కాయలు. ముళ్లతో నిండిన ఆ కాయ అంచును పట్టి, మెలితిప్పి, పగలగొట్టి లోపలి గింజను లాగాలంటే దిట్టమైన ముక్కు కావాలి. అక్కడి మధ్యస్థ నేల ఫించ్ అనే జాతి పక్షుల్లో దాదాపు 85 శాతం ఆ కరవులో చనిపోయాయి. బతికి బయటపడినవాటి ముక్కులు సగటున కాస్త మందం. ఆ తర్వాత పుట్టిన పిల్లల ముక్కులూ అంతే. తేడా సుమారు అర మిల్లీమీటరు. కొలిస్తే తప్ప తెలియని ఆ తేడా కోసం ప్రతి ఏడు పక్షుల్లో ఆరు పోయాయన్నమాట.

కథ అక్కడితో ఆగి ఉంటే అది పురోగతి కథగా మిగిలేది. 1982-83లో ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రపు నీరు మామూలుకంటే వేడెక్కే స్థితి, కుండపోత వానలు తెచ్చింది, చిన్న గింజల మొక్కలు దీవినంతా కమ్మేశాయి, ఈసారి చిన్న ముక్కులవాటికే మేలు జరిగింది. 2004-05లో మళ్లీ కరవు వచ్చింది. పాత అనుభవం ప్రకారం పెద్ద ముక్కులే గెలవాలి. కానీ అప్పటికి ఇంకా పెద్ద ముక్కున్న మరో ఫించ్ జాతి ఆ దీవిలో స్థిరపడి గట్టి గింజలను తినేస్తుండటంతో, మధ్యస్థ ఫించ్‌లలో పెద్ద ముక్కులున్నవే ఎక్కువగా చనిపోయాయి. అనుకూలనం ఏ దిశలో సాగుతుందో ఆనాటి వాతావరణమూ పక్కనున్న పోటీదారులూ తేలుస్తాయి. చేరవలసిన గమ్యమంటూ ముందుగా ఏదీ ఉండదు.

ఆ మందపు ముక్కులు కరవు వచ్చాక పుట్టుకొచ్చినవి కావన్నది కూడా గమనించాలి. అవి అంతకు ముందే ఆ పక్షుల్లో ఉన్నాయి. శాస్త్రవేత్తలు సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రూక్ 1943లో ప్రచురించిన ప్రయోగం ఇదే విషయాన్ని బ్యాక్టీరియాలో తేల్చింది. తనను చంపే వైరస్ తగిలాకే బ్యాక్టీరియా నిరోధక శక్తిని తెచ్చుకునేట్లయితే, వేర్వేరుగా పెంచిన సమూహాలన్నింటిలో తట్టుకున్న కణాల సంఖ్య ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఫలితాలు మాత్రం పొంతన లేకుండా వచ్చాయి: కొన్నింటిలో ఒక్కటీ లేదు, కొన్నింటిలో లెక్కకు మించి ఉన్నాయి. అంటే నిరోధకతనిచ్చే ఉత్పరివర్తనం (జన్యువులో వచ్చే మార్పు) వైరస్ రాకముందే, యాదృచ్ఛికంగా, కొన్ని సమూహాల్లో తొందరగా, కొన్నింటిలో ఆలస్యంగా జరిగింది. ప్రకృతి వరణం జల్లెడ మాత్రమే. గింజలను అది తయారు చేయదు.

జల్లెడలో నిలిచినది కూడా ఉచితంగా నిలవదు. హవాయిలోని కవాయి దీవిలో కొన్ని మగ కీచురాళ్ల కథ నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. మగ కీచురాయి రెక్కలను రాపాడించి పాడేది ఆడదాన్ని రప్పించడానికి. అదే పాటను వింటూ ఒక పరాన్నజీవి ఈగ కూడా వచ్చి, దాని మీద లార్వాలను వదులుతుంది. అవి ఒంట్లోకి తొలుచుకుపోయి, లోపలే పెరిగి, చివరకు దాన్ని చంపి బయటికొస్తాయి. 2003 నాటికి అక్కడి మగ కీచురాళ్లలో 90 శాతానికి పైగా మూగవైపోయాయి. ఒక ఉత్పరివర్తనం వల్ల రెక్కల మీద శబ్దం పుట్టించే గరుకు నిర్మాణం చాలావరకు లేకుండా పోయింది. ఇరవై కంటే తక్కువ తరాల్లోనే ఈ మార్పు వ్యాపించింది. ఈగ బారి నుంచి తప్పించుకున్న ఈ మగవాటికి ఇప్పుడు జోడీని పిలిచే మార్గం లేదు; ఇంకా పాడగలిగిన కొద్దిపాటి కీచురాళ్ల దగ్గర కాచుకుని, ఆ పాటకు వచ్చే ఆడవాటి కోసం ఎదురుచూడాల్సిందే. పాడేవి పూర్తిగా అంతరిస్తే ఈ ఉపాయమూ అక్కరకు రాదు.

మనుషుల్లోనూ ఇలాంటి బేరం కనిపిస్తుంది. ఎర్ర రక్తకణాలను కొడవలి ఆకారంలోకి మార్చే సికిల్ సెల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే తీవ్రమైన మలేరియా నుంచి రక్షిస్తుంది. ఇద్దరి నుంచీ వస్తే ప్రాణాంతక వ్యాధి అవుతుంది. ఏనుగుల్లోనూ ఇదే బేరం: ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో, గొరొంగోసా జాతీయ ఉద్యానవనంలో 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో దంతాల కోసం ఏనుగులను విపరీతంగా వేటాడారు. పుట్టుకతో దంతాల్లేని ఆడ ఏనుగుల వాటా 18.5 శాతం నుంచి దాదాపు 51 శాతానికి పెరిగింది. 2021లో వెలువడిన జన్యు అధ్యయనం ప్రకారం, ఆ లక్షణంతో ముడిపడిన మార్పు మగ పిండాలకు ప్రాణాంతకం కావచ్చు. వేటగాడి తుపాకీ నుంచి తల్లిని కాపాడిన లక్షణం ఆమె కడుపులోని మగ పిల్లలకు ముప్పు తెచ్చిపెట్టి ఉండవచ్చు.

పరిస్థితి మారిపోయి, అనుకూలనం మాత్రం పాత లెక్కనే పట్టుకుని ఉండటం మరో ఇబ్బంది. ఉత్తర అమెరికా అడవుల్లోని స్నోషూ కుందేలు శీతాకాలంలో తెల్లబడి, వసంతంలో గోధుమ రంగులోకి మారుతుంది. ఎప్పుడు మారాలన్నది ప్రధానంగా పగటి పొడవును బట్టి జరుగుతుంది. వేల ఏళ్లుగా పగటి పొడవుకూ నేల మీది మంచుకూ పొత్తు కుదిరింది. ఇప్పుడు మంచు ఆలస్యంగా కురిసి త్వరగా కరుగుతోంది. పగటి పొడవు యథాతథంగా ఉంది. ఫలితంగా గోధుమ రంగు నేల మీద తెల్ల కుందేలు వేటాడే జంతువులకు సులువుగా దొరికిపోతోంది. మంచు అరుదుగా ఉండే పసిఫిక్ తీర ప్రాంతాల్లో శీతాకాలమంతా గోధుమ రంగులోనే ఉండే స్నోషూ కుందేళ్లూ ఉన్నాయి. ఆ రంగుకు కారణమైన జన్యు రూపం ఎప్పుడో మరో కుందేలు జాతితో సంకరం వల్ల వచ్చింది. రెండు రంగులవీ కలిసి జీవించే చోట్ల ఎంపికకు అవకాశం ఉంది. తెల్లవి మాత్రమే ఉన్న చోట అది లేదు.

అందుకే 'సర్దుకుంటాయి' అనే మాటను అన్ని జీవులకూ ఒకే గాటన కట్టి చెప్పడం తప్పు. అనువైన స్థితిలో ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే బ్యాక్టీరియా, కోట్ల సంఖ్యలో ఉంటూ, యాంటీబయాటిక్‌ను కొన్నేళ్లలోనే నిర్వీర్యం చేయగలదు. ఇరవై రెండు నెలలు గర్భం మోసే ఏనుగుకు ఆ వేగం అసాధ్యం. మనం వదిలించుకోవాలనుకునే సూక్ష్మజీవులూ పురుగులూ త్వరగా మారతాయి, కాపాడుకోవాలనుకునే పెద్ద జంతువులు నెమ్మదిగా మారతాయి. దీనికి తోడు ఆవాసాలు ముక్కలై, గుంపులు చిన్నవైపోయినప్పుడు వైవిధ్యం తరిగిపోతుంది, దగ్గరి బంధువుల మధ్య సంతానం పెరుగుతుంది, హానికరమైన జన్యువులు పైకి తేలతాయి.

అమెరికాలోని ఫ్లోరిడాలో పాంథర్లకు (అక్కడి పూమాలను అలా పిలుస్తారు) జరిగింది సరిగ్గా ఇదే. 1990ల మొదట్లో ఇరవై ముప్పైకి మించి మిగలని ఆ పెద్ద పిల్లుల్లో వంకర తోకలు, గుండె లోపాలు, సంతానోత్పత్తి సమస్యలు కనిపించాయి. 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ పూమాలను తెచ్చి అక్కడ విడిచారు. తర్వాతి ఏళ్లలో జన్యు వైవిధ్యం రెట్టింపైంది, లోపాలు తగ్గాయి, సంఖ్య మూడింతలైంది. ప్రకృతి వరణానికి కావలసిన ముడిసరుకును అక్కడ మనుషులే అందించాల్సి వచ్చింది. అదైనా టెక్సాస్‌లో అదే జాతికి చెందిన మరో సంతతి ఇంకా బతికి ఉంది కాబట్టి సాధ్యపడింది. ఒకే ఒక్క అడవికి పరిమితమైపోయిన జాతులకు అలా తెచ్చుకునే చోటే లేదు.