అడగని మెరుగు

పాత చేతిగడియారం వేలానికి వస్తే నిపుణులు మొదట చూసేది కేసుకు, అంటే బయటి లోహపు తొడుగుకు, పాలిష్ పట్టారా, డయల్‌కు రంగు వేశారా అన్నదే; అలా చేసి ఉంటే విలువ తగ్గుతుంది. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా గడియారం 2017లో న్యూయార్క్‌లో 1.77 కోట్ల డాలర్లకు పైగా పలికింది; వెనుక మూతపై ఆయన భార్య చెక్కించిన మాటలూ ఆ విలువలో భాగమే. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక దుకాణంలో మా నాయన గడియారం హెచ్ఎంటీ జనతాను నూనె వేయమని మాత్రమే ఇచ్చి వస్తే, అడగకుండానే కేసును అద్దంలా మెరిపించి, పసుపుబారిన డయల్‌కు తెల్లరంగు పూసి, తాత చెక్కించిన నాయన పేరును ఆనవాలు లేకుండా అరగదీసి, పైగా ఆ మెరుగుకు రెండు వందలు అదనంగా వసూలు చేశారు. ఇదేమన్నా రోలెక్సా అని నవ్వారు కూడా. గడియారం మాత్రం ఇప్పటికీ రోజుకు పది నిమిషాలు వెనుకబడుతూనే ఉంది.