గుంతకల్లుకు నాలుగు చప్పట్లా?

అనంతపురం జిల్లాలో కొన్ని ఒకటో తరగతి గదుల్లోంచి చప్పట్లు వినిపిస్తున్నాయి. మంత్రి వచ్చిందీ లేదు, సన్మానం జరిగిందీ లేదు. పలకలు సంచుల్లోనే ఉన్నాయి. పిల్లలేమో బస్టాండులో వినే ఊళ్ల పేర్లను ముక్కలు చేసి అరుస్తున్నారు. అక్షరం దిద్దేముందు మాటలోని ముక్కలను చెవితో పట్టుకోవడం నేర్పే పద్ధతట ఇది, ముక్కకో చప్పట. గుత్తికి రెండు చప్పట్లు, గుంతకల్లుకు నాలుగు, కళ్యాణదుర్గానికి ఐదు. 56 అక్షరాలు దిద్ది, ఙకు కూడా గుణింతం రాసి, ఙాతో ఒక్క మాటైనా చెప్పలేకుండానే హాయిగా బతికిన జాతి మనది. ఇంతకంటే అవమానం ఉంటుందా?

ఈ పద్ధతి ఎంత ప్రమాదమో విడమరిచి చెప్పకపోతే తల్లిదండ్రులు జాగ్రత్తపడలేరు. మొదట్లో పుస్తకమే తెరవరట. రోజుకో పది నిమిషాలు, నోరూ చేతులూ చాలట. గడ్డం కింద చెయ్యి ఆనించి మాట పలకమంటారు. అచ్చు వచ్చినప్పుడల్లా దవడ కిందికి దిగుతుంది, అదొక దెబ్బ. ఇ, ఉ పలికేటప్పుడు దవడ పెద్దగా కదలదు కాబట్టి గుత్తితో కాకుండా కడపతో మొదలుపెట్టాలట. ఇంత కుట్ర ఉంది ఇందులో.

తర్వాత దెబ్బకో శెనక్కాయ బల్లమీద పెట్టిస్తారు. ఉరవకొండకు ఐదు కాయలు. (మన జిల్లాలో పాఠం అయ్యేదాకా ఆ ఐదూ మిగలడమే గొప్ప.) ఆపైన తిరగేస్తారు: టీచరు "క... డ... ప" అని ముక్కలు చెబితే పిల్లలు అతికించి ఊరి పేరు చెప్పాలి. అది కుదిరాక ఒక కాయ తీసేస్తారు. "తాడిపత్రిలో తా తీసేస్తే?" "డిపత్రి!" అని క్లాసంతా పగలబడి నవ్వుతుంది. బడిలో, అదీ తెలుగు పీరియడులో, నవ్వు!

తప్పులు జరగవా అంటే, బోలెడు. ఆవుకు మూడు చప్పట్లు కొడతారు, దీర్ఘాన్ని రెండుగా లెక్కపెట్టి. గుంతలో సున్నకు వేరే చప్పట వేస్తారు. దానికి బెత్తం ఉండగా, ఈ చప్పట్ల టీచర్ల మందు వేరు: "ఆ" సాగినంతసేపూ కలిపిన అరచేతులు విడదీయకూడదట, సున్న దగ్గర పెదాలో నాలుకో మూసుకున్నా చేతులు కదపకూడదట.

అసలు గొడవ ఒత్తు దగ్గర. పిల్లవాడు "గుంతకలు" అని రాస్తాడు. మనమైతే "ఒత్తు మరిచావు, యాభైసార్లు రాయి" అంటాం, విషయం ముగుస్తుంది. వీళ్లు అలా వదలరు. గుంతకలుకూ గుంతకల్లుకూ నాలుగేసి దెబ్బలే, కాబట్టి లెక్కపెడితే తప్పు దొరకదంటారు. మూడో దెబ్బ తెరుచుకుని ఆగిందా, మూసుకుని ఆగిందా అని చూడాలంటారు. "కల్ దగ్గర ఆగు నాయనా. నాలుక యాడుంది?" "పైన అతుక్కుంది టీచర్!" ఆ అతుక్కున్న ల్ కాగితం మీదికి వచ్చేసరికి పక్క అక్షరంలో కలిసిపోతుందని, దాని తర్వాతి ల కింద ఒత్తుగా ఒదుగుతుందని అప్పుడు చూపిస్తారు. గుత్తిని కాగితం చూసి గు, త్తి అని విడగొడతాం. చెవికి మాత్రం అది గుత్, తి. కాగితం ప్రకారం విడగొట్టి పలికిస్తే పిల్లవాడికి "గుతి" అని వినిపిస్తుంది, అదే రాస్తాడు. తప్పు పిల్లవాడిది కాదట! మరి ఎవరిదో?

దీన్ని ఐదేళ్లకే చెప్పేస్తే హైస్కూలు తెలుగు మాస్టార్లు ఏం కావాలి? ద్విత్వ, సంయుక్తాక్షరాలకు ముందున్నది గురువు (పద్యాల లెక్కలో బరువైన అక్షరం) అనే సూత్రాన్ని మనం భద్రంగా దాచి, మీసాలు మొలిచే వయసులో మార్కుల కోసం బయటికి తీస్తాం. ఎందుకు గురువు అని పిల్లలు అడగరు, మనం చెప్పం. ఇప్పుడు ఈ చప్పట్ల పిల్ల రేపు లేచి, "గుత్‌లో త్ వెనక్కి ఆనుకుంది కదా సార్, అందుకే అది బరువు, తి తేలిక, గురువు పక్కన లఘువు కాబట్టి గుత్తి హగణం" అంటే మాస్టారు ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

ఇంగ్లీషు మీడియం వాళ్లనైనా వదిలారా అంటే అదీ లేదు. "ఇస్కూలు" అన్న పిల్లను కసరకుండా, ఇంటిమాటకు మూడు శెనక్కాయలు, ఇంగ్లీషు స్కూల్‌కు ఒక్కటే పెట్టించి, ముందు ఇ, వెనక ఉ మన నాలుక చేర్చినవని చూపిస్తారట. స్పెల్లింగులో అదనపు అక్షరాలు అక్కడినుంచే వస్తాయని వీళ్ల వాదన.

ఒక్క మాటలో మాత్రం వీళ్లతో మనకు పేచీ లేదు. ఫీజుకు రెండే చప్పట్లు: ఫీ, జు. ఒకటి జూన్‌లో, రెండోది దసరా సెలవులయ్యాక.