చెడ్డ లారీని కాపాడుకుందాం

వరంగల్ ఆటోనగర్‌లో మేధావివర్గం ఈ మధ్య నిలువునా చీలిపోయింది. చీల్చింది మా బావమరిది లారీ. ఆరు టైర్ల బండి, బాడీతో కలిపి ముప్పై లక్షలు, నిరుడు కొన్నది. భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు ఎత్తుకొని నాగపూర్ బయల్దేరితే మంచిర్యాల చేరకముందే డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ లైటు వెలిగింది. ఆ లైటు వెలిగిందంటే ఇంజిన్ తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది. నిండు లోడుతో ఎత్తు ఎక్కుతుంటే సైకిళ్ళ మీద పోయే బడిపిల్లలు పక్కనుంచి దాటిపోతూ చేతులు ఊపుతారు.

అప్పటి నుంచి చాయ్ బండి దగ్గర రెండు పక్షాలు. కంపెనీ మీద ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు పోవాలనేది ఒక పక్షం. ఈ బండిని వదిలించుకొని ఇంకోటి కొనుక్కోవాలనేది రెండో పక్షం. ఇరువురి వాదనలూ శ్రద్ధగా విన్నాను. రెండూ సమాజానికి హానికరమని తేలడం వల్లే ఈ వ్యాసం రాయవలసి వస్తోంది.

ముందు ఆర్థిక కోణం చూద్దాం. మంచి లారీ ఒక్క కుటుంబాన్ని పోషిస్తుంది. చెడ్డ లారీ మీద ఎంతమంది బతుకుతున్నారో ఎవరైనా లెక్క తీశారా? క్రేన్ పంపేవాడు, వైరింగ్ చూసేవాడు, స్కానర్ తెచ్చేవాడు, మధ్యలో ఆగిపోయిన సరుకును ఇంకో బండిలోకి మార్చే హమాలీలు, బిల్లులు జిరాక్స్ తీసేవాడు, నోటీసు రాసే లాయర్, దిష్టి తీసే అయ్యవారు, కిస్తీ ఎందుకు కట్టలేదని ఫోన్ చేయడానికే నెల జీతం తీసుకునే అమ్మాయి. ఇంత ఉపాధి కల్పించే పరిశ్రమ జిల్లాకు ఇంకోటి రావాలంటే ప్రభుత్వం భూమి ఇవ్వాలి, రాయితీలు ఇవ్వాలి. ఇక్కడ ఖర్చంతా ఒక్క మా బావమరిదిదే. మా అత్తమ్మయితే బండి మంచిగైతే మేడారంలో నిలువెత్తు బంగారం (అక్కడ బంగారమంటే బెల్లం) ఇస్తానని సమ్మక్కకు మొక్కింది. ఆ బెల్లం తూగాల్సింది తన ఎత్తా, లారీ ఎత్తా అన్నది మొక్కేటప్పుడు స్పష్టంగా చెప్పలేదట. దాని మీద ముందుముందు వేరే ఆర్బిట్రేషన్ పడే అవకాశం ఉంది.

లోపం ఏమిటన్న చిన్న విషయానికి వద్దాం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త బండ్లన్నీ బీఎస్-6 కాలుష్య ప్రమాణాలవే. పొగలోని విషం తగ్గించడానికి పెద్ద డీజిల్ బండ్లలో ఒక ద్రవం పోయాలి. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్ళు. డ్రైవర్లు దాన్ని యూరియా అనే అంటారు. సొసైటీ ముందు చెప్పులు లైన్లో పెట్టి రైతు ఎదురుచూసే యూరియా వేరు, లారీ తాగే యూరియా వేరు. దొరకనిది మాత్రం రైతుకే. అది సరిగ్గా పడటం లేదని ఏ సెన్సార్‌కైనా అనుమానం వచ్చిందంటే ఇంజిన్ పవర్ కట్. గాలి శుభ్రంగా ఉండాలన్న ఆశయాన్ని కాదనేవారెవరు? కదలని లారీ నుంచి పొగ రాదన్నది కూడా శాస్త్రం ఒప్పుకునే మాటే.

షోరూం వర్క్‌షాపుకు తీసుకుపోతే లాప్‌టాప్ తగిలిస్తారు, రీసెట్ కొడతారు, లైటు ఆరిపోతుంది. "అన్నా, బండి మంచిగైంది, తీస్కపో" అంటారు. హసన్‌పర్తి దాటేలోపు మళ్ళీ వెలుగుతుంది. మళ్ళీ తీసుకుపోతే కారణాలు చెబుతారు. డీజిల్ కల్తీది. యూరియా నాసిరకం. డ్రైవర్‌కు నడపరాదు. లోడు ఎక్కువ. ఈ చివరిది ఖాళీ బండికి కూడా చెప్పారు. ఇక జాబ్ కార్డు, అంటే వర్క్‌షాపు రిపేరు కాగితం మీద వాళ్ళు రాసేది ఎప్పుడూ ఒకటే: జనరల్ చెకప్. "పవర్ రాట్లేదని వచ్చినం గదా, అదే రాయున్రి" అని మా వాడు బతిమాలితే, "సిస్టంలో ఆ ఆప్షన్ లేదన్నా" అన్నాడు కౌంటర్ పిల్లవాడు. రేపు ఏ కోర్టు ముందైనా పరిచేది ఆ కాగితాలే. వాటిని వరసగా చదివిన న్యాయమూర్తికి, ఈ యజమాని బండి ఆరోగ్యం మీద అతిశ్రద్ధ ఉన్న మనిషిలా కనిపిస్తాడు తప్ప బాధితుడిలా కనిపించడు.

ఇప్పుడు ఆర్బిట్రేషన్ పక్షం సంగతి. కోర్టయితే ఏళ్ళు పడుతుంది, ఇదైతే తొందరగా తేలుతుందని వాళ్ళ వాదన. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం ఉద్దేశం అదే. తర్వాతి సవరణలతో గడువు కూడా పెట్టారు. ఇరుపక్షాలూ తమ వాదనలు రాసిచ్చాక 12 నెలల్లో తీర్పు రావాలి, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో 6 నెలలు, ఆపైన కావాలంటే కోర్టును అడగాలి. తీర్పు నచ్చనివాడు 34వ సెక్షన్ కింద మూడు నెలల్లో కోర్టుకు పోవచ్చు. కోర్టుకు పోకుండా ఉండటానికి పెట్టాల్సిన ఖర్చంతా పెట్టేశాక కోర్టుకు పోతామన్నమాట. కృష్ణా నీళ్ళ వాటా తేల్చడానికి 2004లో వేసిన ట్రిబ్యునల్ గడువు మీద గడువు పొడిగించుకుంటూ వచ్చిన దేశంలో, ఒక లారీ ఏడాదిన్నరలో తేలిపోవాలని కోరుకోవడం అత్యాశ అని నా అభిప్రాయం.

ఫీజు చూడండి. చట్టంలోని నాలుగో షెడ్యూలు నమూనా ప్రకారం 30 లక్షల వివాదానికి ఆర్బిట్రేటర్ ఫీజు 1,27,500 రూపాయలు. ఆర్బిట్రేటర్ ఒక్కరే అయితే దాని మీద 25 శాతం అదనం, వెరసి 1,59,375. ఒంటరితనానికి భత్యం ఇచ్చే చట్టం ఇదొక్కటే అనుకుంటాను. మామూలుగా ఇరుపక్షాలూ చెరిసగం పెట్టుకుంటాయి. కంపెనీకి ఆ సగం ఆఫీసులో ఒకరోజు బిస్కట్ల ఖర్చు. మా వాడికి అది రెండు కిస్తీలు.

ఆర్బిట్రేటర్ ఎవరు? మన ఊరి పంచాయితీలో ఎవరి పెద్దమనుషులను వాళ్ళు తెచ్చుకుంటారు. కంపెనీ కాగితాల్లో ఇద్దరికీ కలిపి పెద్దమనిషిని కంపెనీయే తెస్తుంది. అలా వివాదంలో ఉన్న ఒక పక్షమే ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఆ సంగతి కొన్ని అగ్రిమెంట్లకు ఇంకా తెలియదు. చీమల్లాంటి అక్షరాలతో వెనక పేజీలో దాక్కున్నాయి కాబట్టి పోస్టు అందకపోయి ఉండాలి.

మూడో దారి ఒకటుంది. చాయ్ బండి దగ్గర దాని ఊసెత్తితే నవ్వారు, ఎందుకంటే అది చవక. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 50 లక్షలు చెల్లించి కొన్న సరుకు వరకు ఫిర్యాదు చేయవచ్చు. 20 నుంచి 50 లక్షల మధ్య అయితే ఫీజు 1,000 రూపాయలు. కాగితంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా ఈ తలుపు మూసుకోదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫిర్యాదు మూడు నెలల్లో, సరుకును పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి ఉంది. చట్టంలో ఇలాంటి చక్కటి వాక్యాలు చాలా ఉన్నాయి.

కానీ వినియోగదారుడు కావడం అంత తేలిక కాదు. వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాడు. సొంత కష్టంతో పొట్ట పోసుకోవడానికి కొన్నవాడైతే అవుతాడు. లారీ కొని తానే నడుపుకొనేవాడు వినియోగదారుడేనని 1995లోనే సుప్రీంకోర్టు ఉదాహరణతో సహా చెప్పింది. మా వాడు తానే నడుపుతాడు. అయితే పత్తి సీజన్‌లో ఒక డ్రైవర్‌ను పెట్టుకున్నాడు. ఎదుటి లాయర్‌కు ఆ ఒక్క సీజన్ చాలు. పైగా లోన్ కోసం ఫైనాన్స్ ఆఫీసులో తాను ఎంత గట్టి ఆసామో కాగితాలతో రుజువు చేసుకున్నాడు. ఇప్పుడు కమిషన్ ముందు తాను రెక్కాడితేగాని డొక్కాడనివాడినని రుజువు చేసుకోవాలి. రెండు ఫైళ్ళూ ఒక్క బల్ల మీదికి రాకుండా చూసుకోవడమే అసలు న్యాయపోరాటం.

అదీ దాటితే నిపుణుడి రిపోర్టు. తయారీలోనే లోపం ఉందని చూపించాల్సిన బరువు కొన్నవాడిదే. ఆటోనగర్ మిస్త్రీ స్టార్టింగ్ చప్పుడు వినగానే జబ్బు చెబుతాడు, కానీ ఆయన దగ్గర సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ఊళ్ళో లేరా అంటే, 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఇప్పుడు ఎన్ఐటీ. కమిషన్ ఆదేశిస్తే ఏ ప్రొఫెసరో వచ్చి చూస్తారు. ఇక ఆ రోజు, డాక్టర్‌ను చూడగానే పిల్లవాడి జ్వరం దిగిపోయినట్టు, లైటు వెలగదు. వెలగకపోతే లోపం లేదు. వెలిగితే ఒక సెన్సార్ చెడింది, సెన్సార్ మారిస్తే సరి. లోపమున్న భాగాన్ని మార్చాలి గాని బండినే మార్చాలనడం కుదరదని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ చెడింది క్లచ్. దీన్ని నిరాశగా తీసుకోకూడదు. ఒక్కొక్క భాగాన్నీ వరసగా చెడగొట్టుకుంటూ పోతే, వారంటీ ముగిసేలోపు మొత్తం లారీ కొత్తదవుతుంది. ఓపిక కావాలంతే.

డల్లాస్‌లో ఉన్న మా అన్న కొడుకు ఈ గొడవ విని ఆశ్చర్యపోయాడు. అక్కడ చెడ్డ బండ్ల కోసం లెమన్ లా అనే చట్టం ఉందట. 1982లో కనెక్టికట్‌తో మొదలై అన్ని రాష్ట్రాలకూ పాకింది. వివరాలు రాష్ట్రానికో తీరుగా ఉన్నా, చాలాచోట్ల ఒకే లోపాన్ని మూడు నాలుగుసార్లు బాగుచేయలేకపోయినా, బండి మొత్తమ్మీద 30 రోజులు షెడ్డులోనే ఉన్నా డబ్బు వాపసో, కొత్త బండో ఇవ్వాలి. కొన్నిచోట్ల ముందు కంపెనీ ఏర్పాటు చేసిన ఆర్బిట్రేషన్‌కు పోవాలి. అయితే అది ఎక్కువగా ఇంటి అవసరానికి కొన్న బండ్లకే. "బాబాయ్, ఇండియాలో ఎన్నిసార్లు రిపేర్ చేశాక మారుస్తారు?" అని అడిగాడు. అలా లెక్కపెట్టడం మన చట్టంలో లేదని, రిపేర్‌ను మనం అంకెలతో అవమానించమని చెప్పాను.

మిగిలింది మార్పిడి పక్షం. వాళ్ళ మాట మీద మా వాడు అదే షోరూంలో ఎక్స్చేంజ్ మేళాకు పోయాడు. నేనూ వెంట ఉన్నాను. పాఠకులు ఇక్కడ కొంచెం ఆగి చదవాలి. ఎడమవైపు వారంటీ కౌంటర్. కుడివైపు ఎక్స్చేంజ్ కౌంటర్. మధ్యలో ఒక ప్లాస్టిక్ పూలకుండీ. ఎడమ కౌంటర్ అప్పటికే రాతపూర్వకంగా ఇచ్చింది: బండిలో ఏ లోపమూ లేదు, కంపెనీ ప్రమాణాల ప్రకారమే నడుస్తోంది. కుడి కౌంటర్ అతను బండి చుట్టూ తిరిగి, స్టార్ట్ చేసి, ఫోన్లో ఏదో చూసి, పెదవి విరిచి పద్నాలుగు లక్షలన్నాడు.

"ఏడాది బండి గదా సార్, సగం కూడా రాదా?"

"ఇంజిన్ ప్రాబ్లం ఉందన్నా. ఈ లాట్ బండ్లన్నిటికీ ఇదే కంప్లైంట్. ఎవరు తీస్కుంటరు చెప్పు."

మా వాడి మొహం వెలిగిపోయింది. "ఆ మాటే కాగితం మీద రాసియ్యున్రి, పద్నాలుగు కాదు పదికైనా ఇచ్చిపోత" అన్నాడు. ఎక్స్చేంజ్ అతను పూలకుండీ వైపు చూసి, టెక్నికల్ విషయాలు తమ కౌంటర్ పరిధిలోకి రావన్నాడు. బండిలో లోపం లేదు, కానీ లోపమున్న బండి ధరే వస్తుంది. వేదాంతులు వందల ఏళ్ళు తర్కించిన విషయాన్ని రెండు కౌంటర్లు, ఒక కుండీతో సాధించారు. ఆ పద్నాలుగుకు మా వాడు ఇంకా అప్పు కలిపి కొత్త బండి తీసుకోవాలి. దానికీ వారంటీ చూసేది ఎడమ కౌంటరే. పాతది ఎక్కడికి పోతుందని అడిగితే, "భూపాలపల్లి సైడు ఎవరో ఒకరు తీస్కుంటరు" అన్నాడు నిశ్చింతగా. భూపాలపల్లిలో నాకు బంధువులున్నారు. అందుకే మార్పిడిని వ్యతిరేకిస్తున్నాను.

ఈ తర్జనభర్జనలో మూడు కిస్తీలు తప్పాయి. కంపెనీ మీద ఆర్బిట్రేషన్‌కు పోవాలా వద్దా అని మేము ఇంకా చాయ్ తాగుతుండగానే, ఫైనాన్స్ సంస్థ మా వాడి మీద ఆర్బిట్రేషన్‌కు పోయింది. లోన్ అగ్రిమెంట్ వెనక పేజీలో ఆ షరతు కూడా ఉంది. నోటీసు చెన్నై నుంచి, ఇంగ్లీషులో వచ్చింది. హాజరు కావాల్సిన తేదీ నోటీసు చేతికందడానికి ముందురోజే. చెన్నై పోయే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది గానీ, వెనక్కి పోయి నిన్న చేర్చదు.

పోయిన శుక్రవారం ఇద్దరు కుర్రవాళ్ళు బండిని స్వాధీనం చేసుకోమన్న కాగితంతో వచ్చారు. మా బావమరిది మారు మాట్లాడకుండా తాళంచెవి చేతిలో పెట్టి, నీళ్ళిచ్చి, ములుగు రోడ్డు దాకా వెంట వచ్చి పంపించాడు. గంట తిరగకముందే ఫోన్ వచ్చింది.

"అన్నా, ఏదో పసుపుపచ్చ లైటు వెలుగుతుంది. బండి గుంజుత లేదు. ఏం జేయాలె?"

"ఏం గాదు తమ్మీ, షోరూంకు తీస్కపోన్రి" అన్నాడు మా వాడు, ఇన్ని నెలల్లో మొదటిసారి కులాసాగా. "జనరల్ చెకప్ అని రాస్తరు."