ఎం-1లో తప్పిన టాపర్లు

చెన్నై ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాయంటే తెలుగు తల్లిదండ్రుల ఫోన్లలో వినిపించే ప్రశ్న ఒకటుంది. "ఇంటర్ మ్యాథ్స్‌లో 75కి 75 తెచ్చుకున్నవాడు మ్యాథ్స్‌లోనే ఎలా తప్పాడు?" జవాబూ వాళ్లే చెప్పేసుకుంటారు: హాస్టల్, ఫోన్, స్నేహాలు. వాటి పాత్ర అసలు లేదని అనను. కానీ ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) పొడవునా, అటు కాట్టాంకొళత్తూరు వైపు ఉన్న హాస్టళ్లలో బుద్ధిగా చదువుకుంటూ కూడా ఎం-1, అంటే మొదటి సెమిస్టర్ లెక్కల పేపరు, పోగొట్టుకునే మన పిల్లలు తక్కువేం లేరు. ఇక్కడ దాన్ని అరియర్ అంటారు, మన దగ్గర బ్యాక్‌లాగ్. ఈ పిల్లలు రెండేళ్లు దేన్ని లెక్కలనుకుని సాధన చేశారో, కాలేజీ అడిగేది దానికి చాలా దూరంగా ఉంటుంది.

ఎంసెట్‌నే తీసుకోండి. పేరు ఈఏపీసెట్‌గా మారినా తీరు అదే: 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైచిలుకు దొరుకుతుంది. అక్కడ ఆగి ఆలోచించినవాడు వెనకబడతాడు. చూడగానే అది ఏ మోడలో పట్టేయాలి, షార్ట్‌కట్ వేయాలి, కుదరకపోతే ఆప్షన్లు ఒక్కొక్కటే ప్రతిక్షేపించి చూడాలి. దీన్ని బట్టీ చదువని ఎగతాళి చేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. గంటల తరబడి కూర్చునే ఓపిక, చేతి వేగం పిల్లలకు అక్కడే అబ్బుతాయి. అయితే ఎక్స్ సున్నాకు దగ్గరవుతుంటే సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధి ఒకటి ఎందుకైందని అడగండి, చాలామంది తడుముకోకుండా "ఎల్‌హాస్పిటల్ రూల్" అంటారు. ఆ రూల్ లవాన్నీ హారాన్నీ విడివిడిగా అవకలనం చేయమంటుంది, అంటే సైన్ అవకలజం ముందే తెలియాలి. దాన్ని రాబట్టడానికి మళ్లీ ఈ అవధే కావాలి. తెలుగు అకాడమీ పుస్తకాల్లో నిరూపణలు ఉంటాయి. కోచింగ్ మెటీరియల్ చేతికొచ్చాక వాటిని తెరిచేదెవరు?

అన్నా యూనివర్సిటీ 2021 రెగ్యులేషన్లలో మొదటి సెమిస్టర్ పేపరు పేరు మ్యాట్రిసెస్ అండ్ క్యాల్క్యులస్. మొదటి యూనిట్‌లోనే కేలీ-హామిల్టన్ సిద్ధాంతం వస్తుంది. ఏ అనే చతురస్ర మాత్రిక ఏదైనా తన లాక్షణిక సమీకరణాన్ని, అంటే ఏ మైనస్ లాంబ్డా ఐ నిర్ణాయకం సున్నా అనే సమీకరణాన్ని (లాంబ్డా ఒక సంఖ్య, ఐ తత్సమ మాత్రిక), తానే తృప్తిపరుస్తుందని దాని సారాంశం. పరీక్షలో మూడు వరుసల మాత్రిక ఒకటిచ్చి సరిచూడమంటారు, విలోమం కనుక్కోమంటారు. అదంతా మనవాళ్లు చకచకా చేసేస్తారు. ఆ సిద్ధాంతం ఎందుకు నిజమని అడిగితే మాత్రం తరచూ వచ్చే జవాబు ఇలా ఉంటుంది: "ఏ మైనస్ లాంబ్డా ఐ నిర్ణాయకంలో లాంబ్డా బదులు ఏ పెట్టండి సార్, ఏ మైనస్ ఏ సున్నా, అయిపోయింది!"

వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ నిర్ణాయకం విలువ ఒక సంఖ్య, సిద్ధాంతం చెప్పే సున్నా ఒక మాత్రిక. పైగా లాంబ్డా కూర్చున్నది వికర్ణంలోని ఒక్కో గడిలో, సంఖ్యగా. ఆ గడిలో మొత్తం మాత్రికను ఎలా కూర్చోబెడతారు? తప్పు ఎక్కడుందో సొంతంగా పట్టుకోవాలంటే ఒక సాయంత్రం పోతుంది. పోతే పోయింది. సంఖ్య, మాత్రిక, బహుపది మూడూ వేరువేరు వస్తువులని, ఒకదాని చోట ఇంకొకటి పెట్టేముందు అర్థం ఉందో లేదో చూసుకోవాలని ఆ సాయంత్రమే తెలుస్తుంది. కాలేజీ లెక్కలు అక్కడ మొదలవుతాయని నా అభిప్రాయం. చిక్కేమిటంటే 13 మార్కుల ప్రశ్నకు ఆ సాయంత్రం అక్కర్లేదు. "అన్నా, ఇంపార్టెంట్స్ చెప్పవా" అని సీనియర్‌ని అడిగి, అయిదారు మోడళ్లు చూసుకెళ్తే చాలాసార్లు గట్టెక్కేయొచ్చు.

అలా గట్టెక్కినవాళ్లు తర్వాత మూడో సెమిస్టర్ ట్రాన్స్‌ఫార్మ్స్ పేపర్లో దొరికిపోతారు. ప్రమేయాన్ని సైన్, కాస్‌ల మొత్తంగా రాసే పాఠం అందులో ఒకటి. "ఫోరియర్ సిరీస్ బుర్రకెక్కడం లేదు" అంటారు. ఆన్సర్ షీట్ తెప్పించి చూడండి. ఫోరియర్ సూత్రం సరిగ్గానే రాసి ఉంటారు. విభాగ సమాకలనంలో గుర్తు తారుమారై ఉంటుంది, కాస్ ఎన్-పై విలువ ఒకసారి ప్లస్ ఒకటి, ఒకసారి మైనస్ ఒకటి అవుతుందన్నది మర్చిపోయి ఉంటారు. లెక్కల్లో పాత బాకీ ఇలాగే వడ్డీతో సహా వసూలవుతుంది. దీనికి మందు ఇంటర్ 2బీ పుస్తకంలో సమాకలనం అధ్యాయాన్ని మళ్లీ మొదటినుంచి చేయడం. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఇంటర్ పుస్తకమా అని నామోషీ పడతారు. ఆ నామోషీని దాటినవాళ్లు తర్వాతి పేపర్లలో కుదురుకోవడం చూశాను. తెలివిని నమ్ముకుని దాటనివాళ్లు చివరి ఏడాది దాకా అదే అరియర్ మోస్తూ ఉంటారు.

చెన్నైలో ఈ చర్చ వస్తే ఎవరో ఒకరు రామానుజన్‌ని తెస్తారు. ఆయన పచ్చయప్ప కాలేజీలో చదివి 1907లో ఎఫ్‌ఏ (ఇప్పటి ఇంటర్ లాంటిది) పరీక్ష తప్పిన మాట నిజమే. అంతకుముందు 1905లో ఇల్లొదిలి వచ్చి మన రాజమండ్రిలో కొన్నాళ్లు ఉన్నాడు కూడా. కానీ ఆయన తప్పింది మిగతా సబ్జెక్టుల్లో. ఎం-1 పోయినవాడికి ఆ కథ చెబితే ఓదార్పు సంగతేమో గానీ, పుండు మీద కారం చల్లినట్టే.

మనకు పనికొచ్చే ఉదాహరణ 1970లలో అమెరికాలోని బర్కిలీలో ఉంది. క్యాల్క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారని అక్కడ లెక్కలు చెప్పే యూరీ ట్రైస్మన్ అప్పట్లో ఆరా తీశాడు. శ్రద్ధ లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు అని అధ్యాపకులు వేసిన అంచనాలేవీ నిలవలేదు. తేడా చదివే పద్ధతిలో కనిపించింది. బాగా చేస్తున్న చైనా సంతతి విద్యార్థులు ముందు ఎవరికి వారు చేసుకుని, తర్వాత కలిసి కూర్చుని ఒకరి జవాబును ఒకరు తప్పుబట్టుకునేవారు. తప్పుతున్నవాళ్లు కష్టపడుతూనే ఉన్నారు, కానీ దాదాపు అందరూ ఒంటరిగా. ట్రైస్మన్ వాళ్లకు తేలిక పాఠాలు చెప్పించలేదు. గుంపుగా కూర్చోబెట్టి ఇంకా కష్టమైన లెక్కలిచ్చాడు. ఫలితాలు మారాయి.

మన హాస్టళ్లలోనూ గుంపు చదువు ఉంది, పరీక్ష ముందురోజు రాత్రి. ఒకడు చేస్తాడు, నలుగురు దించుకుంటారు. దాన్ని ట్రైస్మన్ పద్ధతి అనలేం. క్లాసులో ఇంగ్లీషు, మధ్యమధ్యలో తమిళం వినే పిల్లలకు మాత్రికల పాఠంలో వచ్చే ఐగెన్ విలువ గురించి తెలుగులో వాదులాడుకునే చోటు హాస్టల్ గదే. మొహమాటం లేకుండా "నాకు అసలు డెఫినిషనే తెలీదురా" అనగలిగేదీ అక్కడే. కాలేజీలు మాత్రం తప్పినవాళ్లందరినీ వీక్ స్టూడెంట్స్ అని ఒక గదిలో చేర్చి, అవే ఇంపార్టెంట్ ప్రశ్నలు మళ్లీ బోర్డు మీద చేయిస్తాయి. పాస్ శాతం కాస్త పెరగొచ్చేమో, మూడో సెమిస్టర్‌లో మళ్లీ మామూలే.

ట్రైస్మన్ పద్ధతిని కాలేజీలోకి తేవడానికి కొత్త ఖర్చేమీ లేదు. మ్యాట్రిసెస్ అండ్ క్యాల్క్యులస్ పేపరుకు ఆ 2021 సిలబస్‌లోనే వారానికి మూడు లెక్చర్లతో పాటు ఒక ట్యుటోరియల్ పీరియడ్ రాసి ఉంది. చాలాచోట్ల అది పోర్షన్ పూర్తిచేయడానికి పోతోంది. ఆ గంటను పిల్లలకే వదిలేసి, నలుగురికో లెక్క ఇచ్చి, అధ్యాపకుడు బోర్డు దగ్గర నుంచి దిగి బెంచీల మధ్య తిరగొచ్చు. మొదటి నెల గోలగానే ఉంటుంది, పోర్షన్ కూడా కొంత వెనకబడుతుంది. హెచ్‌ఓడీ (విభాగాధిపతి) ఒప్పుకోవాల్సింది ఆ వెనకబాటుకే.