మగాడు స్కూట్ చెయ్యడు

(భీమవరం. కార్తీకమాసం, ఆదివారం మధ్యాహ్నం. సూరిబాబుగారు గుమ్మంలో చెప్పులు విసిరిన చప్పుడుకే పేకాట ఎలా పోయిందో రత్నంగారికి తెలిసిపోయింది. అయినా అడుగుతారు. తెలిసింది అడగడం కాపురంలో ఒక హక్కు.)

రత్నం: ఇవాళ ఎవరెవరికి తినిపించారు?

సూరిబాబు: వచ్చీ రాగానే మొదలెట్టకే. మంచినీళ్ళియ్యి.

రత్నం: ఓడినవాడు అందరికీ టిఫిన్ పెట్టించాలని పందెం పెట్టింది మీరే. శ్రావణంలో మొదలైంది. వీధిలో మగాళ్ళందరూ మీ పెసరట్టు ఉప్మా తిని ఒళ్ళు చేశారు. మీరొక్కరే చిక్కిపోయారు.

సూరిబాబు: ముక్క పడట్లేదే! పదమూడు ముక్కలు చేతిలోకి తీసుకుంటే పదమూడూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. ఇవాళ పడమటి కుర్చీలో కూచున్నాను. అదీ కారణం.

రత్నం: పోయిన వారం తూర్పున కూచున్నారుగా?

సూరిబాబు: అందుకే మార్చింది.

రత్నం: అంతకుముందు పసుప్పచ్చ చొక్కా. ఉతికితే అదృష్టం పోతుందన్నారు. ఉతక్కపోతే పక్కన కూచునేవాళ్ళు పోయారు.

సూరిబాబు: నీకేం, నవ్వుతావు. నలమహారాజంతటివాడే పుష్కరుడి చేతిలో రాజ్యం పోగొట్టుకున్నాడు. కలి పట్టింది. నాకూ పట్టింది. కలి వదిలేదాకా ఎవడేం చేస్తాడు?

రత్నం: కలి ఎప్పుడు వదిలిందో కూడా చెప్పండి మరి. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు చూసి కాయలెన్నో, ఆకులెన్నో చెబితే, నలుడు రథం ఆపి లెక్కపెట్టి చూసుకున్నాడు. పాచికల మర్మం, అదే అక్షహృదయం, నేర్చుకున్నాడు. అప్పుడు వదిలింది. అంటే లెక్క వచ్చాక! చొక్కా మార్చుకుంటే కాదు.

సూరిబాబు: మార్చాడు! కర్కోటకుడిచ్చిన వస్త్రం కట్టుకున్నాడు!

రత్నం: అది రూపం మారడానికండీ. ముక్క మారడానికి కాదు.

(ఇక్కడ సూరిబాబుగారు మంచినీళ్ళు కొంచెం ఎక్కువసేపే తాగారు. పురాణం తీసినవాడు పురాణంలోనే దొరికిపోతే గ్లాసు అడ్డం పెట్టుకోవడం తప్ప దారి లేదు.)

సూరిబాబు: అసలు నీకు రమ్మీ అంటే లోకువ. 1967లో సుప్రీంకోర్టే చెప్పింది, సికింద్రాబాదు క్లబ్బు కేసులో. రమ్మీ అంటే మూడు ముక్కలాట లాంటి గుడ్డి అదృష్టం కాదు, నైపుణ్యం కావాలి అని.

రత్నం: విన్నాను. ఈ ఇంట్లో సుప్రభాతం తరవాత ఎక్కువసార్లు వినపడేది ఆ తీర్పే. నైపుణ్యం ఎందులో ఉందన్నారు?

సూరిబాబు: పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడంలో, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియడంలో.

రత్నం: కుర్చీ సంగతి ఏమన్నా చెప్పారా జడ్జీలు?

సూరిబాబు: ...

రత్నం: గెలిస్తే నైపుణ్యం, ఓడితే కలి. ఏదో ఒకటి తేల్చుకోండి. నైపుణ్యమైతే ఓటమి కూడా దాని ఖాతాలోకే పోవాలి.

సూరిబాబు: చెయ్యి కుదరనప్పుడు నైపుణ్యం ఏం చేస్తుంది?

రత్నం: స్కూట్ చేస్తుంది. ముక్కలు కింద పెట్టేసి ఆ ఆటలోంచి తప్పుకుంటుంది.

సూరిబాబు: మగాడు స్కూట్ చెయ్యడు!

రత్నం: మొదటి చేతిలోనే స్కూట్ చేస్తే మీ మీద ఎన్ని పాయింట్లు పడతాయి?

సూరిబాబు: 20.

రత్నం: కాసేపు లాగి మధ్యలో?

సూరిబాబు: 40.

రత్నం: మగాడిలా చివరిదాకా కూచుంటే?

సూరిబాబు: ఫుల్ కౌంట్. 80.

రత్నం: అంటే ఒక్క మగతనానికి నాలుగు స్కూట్లు వస్తాయి. ఆడేది 101 ఆట, నూటొకటి నిండితే అవుట్. ఒకసారి 80 తగిలాక ఇంకో స్కూట్‌తో కొన మీద నించుంటారు, ఆ తరవాత ఏం పడ్డా బయటికే. పేకాట పట్టుమని గంట కాకముందే మీరు హోటలువాడికి ఫోన్ చేస్తున్నది అందుకే.

సూరిబాబు: నీకివన్నీ ఎలా తెలుసు?

రత్నం: దీపావళికి ఆట మనింట్లో పెట్టారుగా. టీలు ఎవరిచ్చారు? టీ ఇచ్చేదాన్ని ఎవరూ చూడరు. నేను మాత్రం నలుగురి చేతులూ చూశాను.

సూరిబాబు: ఒసేయ్! ఏం చూశావు?

రత్నం: మీ చేతిలో ఆఠీను రాజు, ఆఠీను జాకీ. మధ్యలో రాణి కోసం కూచున్నారు. రెండు కట్టలు కలిపినా ఆఠీను రాణులు రెండే. ఒకటి ఎదుటి బావగారి చేతిలో మూడు రాణుల ట్రిప్లెట్‌లో ఇరుక్కుని ఉంది. రెండోది మీ కళ్ళముందే కింద పడింది, మీరప్పుడు పకోడీ బాగుందని నాకు చెబుతున్నారు. ఆ తరవాత కూడా ఆ రాజునీ జాకీనీ వదల్లేదు.

సూరిబాబు: పకోడీ నిజంగానే బాగుంది.

రత్నం: దానికి పదీ పదీ ఇరవై కౌంటు ఇచ్చుకున్నారు. అదే ఇస్పేటు ఆరూ ఏడూ చేతిలో ఉంటే అయిదు వచ్చినా చాలు, ఎనిమిది వచ్చినా చాలు. నాలుగు ముక్కలకి ఆశ ఉంది. వాటినేమో మొదటే పారేశారు.

సూరిబాబు: చిన్న ముక్కలే కదా అని...

రత్నం: ఓడిపోతే చిన్నముక్కకి చిన్న కౌంటే పడుతుంది. పారెయ్యాల్సింది బొమ్మలని. ఇంకోటి చెప్పనా? జోకరొస్తే మీ కుడికాలు ఊగుతుంది.

సూరిబాబు: ఊగదు.

రత్నం: కుట్టుమిషను తొక్కినట్టు ఊగుతుంది. బల్లమీద టీ గ్లాసులు గలగలమంటాయి. వెంటనే మిగతా ముగ్గురూ బొమ్మలు వదిలించుకుంటారు. మీరు షో కొట్టి ఆట ముగించినా వాళ్ళ దగ్గర కౌంటు ఉండదు. గెలిచిన ఆటలో కూడా మీకు గిట్టుబాటు లేదండీ.

(ఇది సూరిబాబుగారికి నిజంగా తగిలింది. కలి పట్టాడంటే ఓర్చుకున్నాడు. కాలు పట్టించిందంటే ఓర్చుకోలేకపోయాడు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని చాలాసేపు దానికేసి చూశాడు.)

సూరిబాబు: ఇన్నాళ్ళూ చెప్పలేదేం?

రత్నం: గెలుస్తున్నప్పుడు చెబితే వింటారా? సంక్రాంతికి ముక్కలు వరసగా పడ్డాయి, ఇలాగే ఆడి గెలిచారు. అప్పుడు కాలు ఊగినా బొమ్మలు పట్టుకున్నా చెల్లింది. ఈ జబ్బులన్నీ అప్పటివే. ఇప్పుడు బయటపడ్డాయంతే.

సూరిబాబు: మానేస్తాలే అయితే. పరువు పోయింది. వాళ్ళు పంచేటప్పుడే హోటలుకి ఆర్డరు చెప్పేస్తున్నారు. ముక్క ఎత్తాలంటే చెయ్యి వణుకుతోంది.

రత్నం: ఆ వణుకులోనే పందెం పెంచుతారు. పోయిన వారం పెసరట్టు మీద పూతరేకులు కలిపింది ఎవరు? పోయింది ఒక్క ఆటలో లాగేద్దామని!

సూరిబాబు: పోనీ ఫోన్లో రెండాటలు ఆడి చెయ్యి తిరగనిస్తే?

రత్నం: డబ్బు పెట్టి ఫోన్లో ఆడే పేకాటకి మన రాష్ట్రం 2020లోనే తలుపేసింది. 2025లో పార్లమెంటు దేశమంతా వేసింది. ఓడిపోవడానికి కొత్త ఊళ్ళు వెతక్కండి. ఆ కట్టలు తీసుకురండి, నాతో ఆడండి.

సూరిబాబు: నీతోనా! పందెం?

రత్నం: చింతపిక్కలు. గెలిచారా ఓడారా అని నేను రాయను. స్కూట్ చెయ్యాల్సినప్పుడు చేశారా, పడిన ముక్క చూశారా, కాలు కదిలిందా, ఆ మూడే రాస్తాను.

సూరిబాబు: గెలుపు రాయకపోతే అదేం ఆటే!

రత్నం: ముక్క మీ చేతిలో లేదు. కాలు మీదే.

(పంచారు. మొదటి ఆటలో ఆయన స్కూట్ చెయ్యకుండా ఫుల్ కౌంట్ ఇచ్చుకున్నారు. రెండో ఆట కూడా అంతే. మూడోదాంట్లో కుర్చీ మీద బాసింపట్టు వేసుకుని, కాలికి ఊగే వీల్లేకుండా చేసి, జోకరొచ్చినా కళ్ళార్పకుండా కూచున్నారు. కానీ మీసం కదిలింది. రత్నంగారు చూసీ చూడనట్టు రాసుకున్నారు. కొత్త కాగితం అక్కర్లేదు, ఖాళీ ఇంకా ఉంది.)

సూరిబాబు: కళావరు తొమ్మిది పడింది. ఇందాక ఒకటి పడింది. ఇక రాదు. చూశావా, గుర్తుంది!

రత్నం: గుర్తుంటే మంచిదే. నాకు చెప్పకండి, నేను ఎదుటిపక్షం.

(నాలుగో ఆట. సూరిబాబుగారు ముక్కలు సర్దారు. మళ్ళీ సర్దారు. జోకరు లేదు, ఒకే రంగులో వరస ముక్కల సీక్వెన్స్ లేదు, పక్క పక్క ముక్కలు కూడా పెద్దగా లేవు. ఉన్నదల్లా ఆఠీను రాజు, ఆఠీను జాకీ. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పళ్ళు బిగించారు.)

సూరిబాబు: స్కూట్.

రత్నం: ఏమన్నారు?

సూరిబాబు: స్కూట్! స్కూట్! ఊరంతా వినపడాలా? రాసుకో 20!

రత్నం: భేష్. ఈ ఏడాదిలో మీరు ఆడిన మంచి ఆట ఇదే.

సూరిబాబు: ఆడితేగా.

రత్నం: ఏయ్, ఏయ్! ఆ చెయ్యి కట్ట మీదకెందుకు పోతోంది?

సూరిబాబు: ఏం లేదు. పైముక్క ఏంటా అని.

రత్నం: స్కూట్ చేశాక కట్ట చూడటం ఇంకో జబ్బండీ. వద్దు.

సూరిబాబు: జబ్బు కాదే, పరిశోధన. (ఎత్తి చూసి, లేచి నించుని) చూశావా! చూశావా! ఆఠీను రాణి! ఇదిగో! నీ మాట విని స్కూట్ చేశాను! ఉంటే సీక్వెన్స్ పడేది!

రత్నం: పడేది. మిగతా పది ముక్కలూ?

సూరిబాబు: వాటి సంగతి రాణి వచ్చాక ఆలోచించేవాణ్ణి!